నల్లరేగడి నుంచి చీనాబు దాకా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. సంసారికి బతుకులో ఎదురయ్యే రెండు గడ్డు పరీక్షలను ఒక్క మాటలో ఇమిడ్చిన సామెత ఇది. ఇందులో మొదటి పరీక్షలో ఆడపిల్లకు ప్రమేయమే లేదు. రెండవ పరీక్షలో ఆమే సమస్య! ఇల్లు కట్టేవాడూ తండ్రే, పెళ్ళి చేసేవాడూ తండ్రే. పిల్ల మాత్రం ఖర్చుల పద్దు. ఆ పెళ్ళి కావలసిన పిల్లే ఒకనాడు టేపు చేత పట్టుకొని స్థలం కొలిచి, పునాది ఎంత లోతు తియ్యాలో మేస్త్రీకి చెబుతుందని ఈ సామెత పుట్టించిన మహానుభావుడు కలలోనైనా అనుకొని ఉండడు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఇనుమూ, సిమెంటూ నా శాస్త్రాలు కావు. అయినా ఏటేటా ఇంజనీరింగు ప్రవేశాల రోజులు వచ్చేసరికి మా ఇంటి వరండా చిన్న సలహా సంఘంలా తయారవుతుంది. ఆ పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చినా, మేమంతా అలవాటు కొద్దీ ఎంసెట్ అనే అంటాం. పిల్లకు ఏ శాఖ ఇప్పించాలి అని తల్లిదండ్రులు అడుగుతారు. "కంప్యూటర్లు" అన్న జవాబు వారి మనసులో ముందే ఉంటుంది. నా నోటి వెంట కూడా అదే వస్తే సంతోషిస్తారు. ఎప్పుడైనా ఒక పిల్ల "నాకు సివిల్ కావాలి" అంటే మాత్రం వరండాలో ఒక్క నిమిషం నిశ్శబ్దం అలముకుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

మన నేల సంగతి

మాది పత్తికీ మిరపకూ పేరుపొందిన సీమ. పూర్వపు గుంటూరు జిల్లా, దాన్ని ఆనుకొని 1970లో ఏర్పడి 1972లో ఆంధ్రకేసరి పేరు పెట్టుకొన్న ప్రకాశం జిల్లా - ఈ రెంటిలోనూ చాలా భాగం నల్లరేగడి. ఈ మన్ను స్వభావం ఇక్కడ పుట్టినవారికి ఒకరు చెప్పనక్కర లేదు. వాన పడితే పొంగుతుంది, కాలు పెడితే చెప్పు ఊడదీసుకుంటుంది. వేసవి ముదిరితే నెర్రెలు బారుతుంది. పొలంలో నెర్రె ఎంత లోతుందో చూద్దామని చిన్నప్పుడు అందులో చెరుకు గడ దూర్చని పిల్లవాడు మా ఊళ్ళల్లో ఉండడు.

దీనికి కారణం మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమని శాస్త్రజ్ఞులు చెబుతారు. పేకముక్కల దొంతరలాగా దానికి కంటికి కనిపించనంత పలుచని పొరలుంటాయి. నీరు తగిలితే ఆ పొరల నడుమ చేరి వాటిని ఎడం చేస్తుంది. అప్పుడు మన్ను ఉబ్బుతుంది. నీరు ఆరిపోతే పొరలు దగ్గరపడి మన్ను కుంచించుకుపోతుంది. ఆ చెమ్మను దాచుకొనే గుణమే పత్తి చెట్టుకు అమ్మపాలు. అదే గుణం ఇంటి పునాదికి విషం. గోడలో మూలగా పాకిన పగులు మా ప్రాంతంలో లేని ఇల్లెక్కడ! మా పెద్దలు పునాది గుంటలో నల్లమన్ను తోడేసి ఇసుక పోయించేవారు. తరువాతి కాలంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు ఇటువంటి నేలల కోసం అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే కాంక్రీటు స్తంభాలను రూపొందించి ప్రచారంలోకి తెచ్చారు. మూడు మూడున్నర మీటర్ల లోతుకు పోతే నేలలోని చెమ్మ ఋతువుతో పాటు అంతగా మారదు. ఆ ఉబ్బెత్తు అక్కడ కుదురుగా కూర్చుంటుంది. పైన మన్ను ఎంత పొంగినా, ఎంత కుంగినా ఇల్లు దాని వెంట ఆడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంజనీరింగులో మట్టిని చదివే విద్య ఒకటి ప్రత్యేకంగా ఉన్నది. దానిని జియోటెక్నికల్ ఇంజనీరింగు అంటారు. ఏ కట్టడమైనా చివరికి నిలబడేది మట్టి మీదో, రాతి మీదో కదా! ఆ మట్టినీ రాతినీ ముందుగా పరీక్షించి, ఎంత బరువు మోస్తుందో, ఎప్పుడు జారుతుందో లెక్క కట్టే విద్య అది. మట్టి ఎరిగిన రైతు బిడ్డకు ఇంతకంటె దగ్గరి చదువు ఏమున్నది?

సైనికుల చదువు

ఇంజనీరు అన్న మాటకు మొదట్లో సైన్యంతోనే సంబంధం. కోటలు కట్టడం, శత్రువు కోటలు కూలగొట్టడం, ఫిరంగులు దాటడానికి వంతెనలు వెయ్యడం - ఇదీ ఇంజనీరు పని. సైన్యంతో నిమిత్తం లేకుండా ప్రజల కోసం కాలువలూ దీపస్తంభాలూ కట్టే తన వృత్తిని వేరుగా చెప్పుకోవడానికి పద్దెనిమిదవ శతాబ్దంలో జాన్ స్మీటన్ అనే ఆంగ్లేయుడు తనను "సివిల్" ఇంజనీరునని పిలుచుకొన్నాడు. మన దేశానికి ఆ విద్య వచ్చిందీ సైన్యం వెంటే. మన డెల్టాకు నీరిచ్చిన కాటన్ దొర మద్రాసు సైన్యపు ఇంజనీరు. ఆయన యోజనలో 1852 - 55 నడుమ బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టను దగ్గరుండి కట్టించిన ఓర్ కూడా కెప్టెన్ గారే. బూట్లు తొడుక్కొని గుర్రమెక్కే దొరల విద్య కనుక, అందులోకి ఆడవాళ్ళు వస్తారన్న ఊహ అప్పుడు ఎవరికీ రాలేదు.

వచ్చిన తొలి ఆడపడుచుల్లో ఒకామె మన తెలుగింటి బిడ్డ కావడం గర్వించదగిన సంగతి. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదో ఏట, ఒళ్ళో నాలుగు నెలల పసిపాప ఉండగా, భర్త పోయారు. ఆ రోజుల్లో అటువంటి పిల్లకు మిగిలే బతుకేమిటో పాఠకులు ఊహించగలరు. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖ ఆచార్యులు. కూతురు చదువుతానంటే ఆయన అడ్డు చెప్పలేదు, ప్రిన్సిపాలు కె. సి. చాకోగారిని అడిగారు. అనుమతి వచ్చింది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల! మరుసటి ఏడు ఆమెకు తోడుగా కేరళ అమ్మాయిలిద్దరు, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి, సివిల్ ఇంజనీరింగులో చేరారు. యుద్ధకాలం కనుక చదువు కొన్ని నెలలు కుదించడంతో ముగ్గురూ కలిసే బయటికి వచ్చారు. పట్టా కాగితం మీద అచ్చువేసి ఉన్న "అతడు" అన్న ఇంగ్లీషు మాటను కొట్టివేసి "ఆమె" అని రాసి ఇచ్చారట. నా దృష్టిలో ఆ ఒక్క కొట్టివేత ఒక గ్రంథమంత పని చేసింది.

లలితగారు విద్యుత్ ఇంజనీరుగా భాక్రానంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో పాలు పంచుకొన్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళారు. త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు. మేడలూ వంతెనలూ ఆడవాళ్ళ చేతిలో కూలిపోతాయన్న భయం ఎవరికైనా ఉంటే అది ఆనాడే తీరిపోవలసింది.

ఏడుగుండ్లపాడు అమ్మాయి

ఇక మన జిల్లా సంగతికి వద్దాం. ప్రకాశం జిల్లాలో ఏడుగుండ్లపాడు అనే ఊరున్నది. ఆ ఊరి రైతు కుటుంబంలో పుట్టిన గాలి మాధవీలత 1992లో కాకినాడ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల నుంచి సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్నారు. 1946లో విశాఖ పేరిట పుట్టి కాకినాడలో స్థిరపడిన పాత కళాశాల అది. అక్కడి నుంచి ఆమె వరంగల్లు వెళ్ళారు. ఇప్పుడు ఎన్.ఐ.టి. అంటున్నారు కాని, అప్పటికది 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగు కాలేజీయే. అక్కడ ఎం.టెక్.లో ఆమె ఎంచుకొన్నది మట్టి విద్యనే. బంగారు పతకంతో ముగించారు. తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన చేసి 2000లో డాక్టరేటు పొందారు.

ఆ పరిశోధన విషయం మన పాఠకులకు అంత కొరుకుడుపడనిదేమీ కాదు. బలహీనమైన నేల మీద ఎత్తయిన కట్ట పోస్తే అది కుంగుతుంది, పక్కలకు జారుతుంది. కట్ట అడుగున తేనెపట్టు గదుల్లాంటి అల్లికను పరచి, ఆ గదుల్లో మన్నో కంకరో కూరితే మన్ను పక్కలకు జారకుండా గదులు బిగించి పడతాయి. అటువంటి అల్లికను జియోసెల్ అంటారు. దాని మీద పోసిన కట్టలు ఎట్లా నిలుస్తాయన్నది ఆమె చూసిన విషయం. ధాన్యం కింద పోస్తే నలుదిక్కులా జారిపోతుంది; గాదెలో పోస్తే బరువు మోస్తూ నిలుస్తుంది. ఇంతే రహస్యం!

కొంతకాలం గౌహతి ఐ.ఐ.టి.లో పాఠాలు చెప్పి, తరువాత ఆమె బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. అక్కడి సివిల్ శాఖలో మొట్టమొదటి మహిళా అధ్యాపకురాలు ఆమే. చేరిన కొద్ది కాలానికే ఆమె ముందుకు వచ్చిన పని చీనాబు వంతెన.

కొండ చెప్పిన పాఠం

కాశ్మీరు లోయను దేశంలోని మిగతా రైలు మార్గంతో కలిపే 272 కిలోమీటర్ల ఉధంపూర్ - శ్రీనగర్ - బారాముల్లా దారిలో, రియాసి జిల్లాలో, బక్కల్ - కౌరీ ఊళ్ళ మధ్య చీనాబు నది అడ్డు వస్తుంది. దాని మీద వంతెన పొడవు 1,315 మీటర్లు. అంటే మన బెజవాడ ప్రకాశం బ్యారేజీ కంటె కొంచెం పొడవు. ఎత్తు? నది అడుగు నుంచి 359 మీటర్లు! నాగార్జునసాగరు ఆనకట్ట 124 మీటర్లు. అటువంటివి మూడు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో, ఇంచుమించు అంత ఎత్తున రైలు పోతుందన్నమాట. నడిమి ఉక్కు కమాను ఒక్కటే ఒడ్డు నుంచి ఒడ్డుకు 467 మీటర్లు. పైగా అది భూకంపాల ప్రాంతం. పని మొదలైనప్పుడు అక్కడికి సరైన దారి కూడా లేదు. గుర్రాల మీదా కంచరగాడిదల మీదా వెళ్ళవలసి వచ్చింది.

అంత బరువు మోసే పునాదులు నిలబడవలసినది ఏటవాలు కొండల మీద. ఆ కొండ రాయి ఒక్క ముద్దగా లేదు. బీటలు వారి, పలకలు పలకలుగా, అక్కడక్కడ బోలుగా ఉన్నది. పైనుంచి చూసి, రంధ్రాలు వేసి పరీక్షించి తెలుసుకొన్నది ఒకటి. తవ్వే కొద్దీ బయటపడినది మరొకటి. ముందు గీసుకొన్న పటం ప్రకారం మూర్ఖంగా పోతే కొండ జారుతుంది. పని మానేస్తే రైలు రాదు. అందుకని తవ్వుతూ చూసి, చూసినదానికి తగినట్లు లెక్క మార్చి, మార్చిన లెక్క ప్రకారం మళ్ళీ తవ్వే పద్ధతిని అనుసరించారు. రాతిలోకి లోతుగా ఉక్కు కడ్డీలు దించి, సిమెంటు పాలు ఎక్కించి, విడిపోయే పలకలను ఒకదానికొకటి కుట్టినట్లు బిగించారు. కట్టుబడి చేస్తున్న ఆఫ్కాన్స్ సంస్థకు ఈ కొండ వాలుల విషయంలోనూ, పునాదుల విషయంలోనూ సలహాదారుగా మాధవీలతగారు సుమారు పదిహేడేళ్ళు పని చేశారు.

2021 ఏప్రిల్‌లో కమాను రెండు కొసలూ కలిశాయి. 2025 జూన్ 6న ప్రధానమంత్రి వంతెనను ప్రారంభించారు. ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆమె పేరుతో నిండిపోయాయి. అప్పుడామె చేసిన పని నాకు వంతెనంత పెద్దదిగా తోచింది. ఈ వంతెనకు తానొక్కతే కారణమన్నట్లు రాయవద్దనీ, దాని కోసం శ్రమించిన వేలమందిలో తానొకతెనని మాత్రమే అనుకొమ్మనీ ఆమె బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. పునాది వేసినవారికి ఆ వినయం సహజమేమో! పునాది ఎప్పుడూ పైకి కనిపించదు కదా.

ఎండ సంగతి

మూడేళ్ళ క్రిందట మిరప రైతు ఒకాయన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ! పిల్లకు కంప్యూటర్ల సీటు మంచి కాలేజీలో వచ్చేట్టు లేదండీ. సివిలైతే వస్తదంటున్నారు. ఇదేమో అదే కావాలంటది. ఆడపిల్లకు సివిలేందండీ? ఎండలో, మేస్త్రీల మధ్య నిలబడాల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకునేది?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఆ పిల్ల, "మన చేలో కాయ కోసేవాళ్ళంతా ఆడాళ్ళేగా నాన్నా! వాళ్ళ మీద ఎండ పడదా?" అన్నది.

తండ్రి మాట్లాడలేదు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకొని, మజ్జిగ గ్లాసు అందుకొన్నాడు. అది కోపమో, ఆలోచనో నాకు అర్థం కాలేదు. వారం తరువాత ఫోను చేసి, "సివిలే పెట్టించా మాస్టారూ. మీరే ధైర్యం చెప్పాల, నాక్కాదు, వాళ్ళమ్మకి" అన్నాడు.

ఆ పిల్ల వేసిన ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. మిరప కోతకూ పత్తి తీతకూ ఆడవాళ్ళు కావాలి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగరు రాతి ఆనకట్టకు తట్టలు మోసినవారిలో ఎందరో ఆడవాళ్ళు. ఆ కుడికాలువ నీళ్ళే మన గుంటూరు, ప్రకాశం పొలాలకు వచ్చాయి. తట్ట మోయడానికి పనికివచ్చిన ఎండ, పటం చేతబట్టి నిలబడడానికి ఎందుకు పనికిరాదు? మన అభ్యంతరం ఎండ గురించి కాదేమో. ఆడపిల్ల మాట మగవాడు వినవలసి రావడం గురించేమో! నిదానంగా ఆలోచించండి.

అయితే కష్టాలు లేవని నేను చెప్పను. చెబితే అబద్ధమవుతుంది. కంప్యూటరు ఉద్యోగంతో పోలిస్తే ప్రైవేటు కట్టుబడి సంస్థల్లో తొలి జీతం చాలాచోట్ల తక్కువ. స్లాబు పోసే రోజు రాత్రి ఎంతయినా పని ఆగదు. ఒక ఊళ్ళో పని ముగిస్తే మరో ఊరు పొమ్మంటారు. చాలా సైట్లలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. ఇది చిన్న విషయమని ఏ మగవాడైనా అంటే ఒక రోజంతా మంచినీళ్ళు తాగకుండా పని చేసి చూడమనండి. పనిచేసే చోట ఆడవారి రక్షణకు 2013లో చట్టం వచ్చింది. పదిమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ ఫిర్యాదులు వినే సంఘం ఉండాలి. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలయింది. ఉద్యోగంలో చేర్చేటప్పుడు జీతం ఎంతని అడిగినట్లే ఈ సంగతులు కూడా అడగడం తల్లిదండ్రులు నేర్చుకోవాలి.

మేస్త్రీ విన్న మాట

2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక మా పల్లెల్లో ఇంజనీరింగు అసిస్టెంట్లుగా చాలామంది ఆడపిల్లలు కనిపిస్తున్నారు. నా దగ్గర ఇంటర్మీడియెట్ చదివిన ఒకమ్మాయి అట్లా చేరింది. ఒకరోజు నేను బస్సు కోసం నిలబడి ఉంటే ఎదుట సిమెంటు రోడ్డు పని జరుగుతున్నది. కాంక్రీటు జారుగా ఉంటే పరచడం తేలికని మేస్త్రీ నీళ్ళు ధారాళంగా పోయిస్తున్నాడు.

"నీళ్ళు ఆపు బాబాయ్! ఇప్పుడు తేలికగా ఉంటుంది, రెండు వానలకు రోడ్డు పెచ్చులు లేస్తుంది" అన్నదీ పిల్ల.

"ముప్పై ఏళ్ళ నుంచి పోస్తన్నానమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ముప్పై ఏళ్ళ నుంచి రోడ్లు పగులుతూనే ఉన్నాయిగా బాబాయ్!"

కూలీలు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వేసి నీళ్ళ గొట్టం పక్కన పెట్టించాడు. ఆమె గొంతు పెంచలేదు, అధికారం చూపలేదు. ఇనుప అచ్చుల్లో కాంక్రీటు ముక్కలు పోయించి, వాటి మీద తేదీ వేయించింది. ఏడు రోజులకూ, ఇరవై ఎనిమిది రోజులకూ వాటిని యంత్రంలో నొక్కి బలం చూస్తారని నాకు చెప్పింది. ఇరవై ఎనిమిది రోజులపాటు తడుపుతూ, కనిపెడుతూ, ఓపిక పట్టాలట. నాకు తెలిసిన ఏ కావ్యానికీ అంత నిక్కచ్చి పరీక్ష లేదు.

బిడ్డలున్న తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ అమ్మాయి సివిల్ చదువుతానంటే వెంటనే ఔననకండి, కాదనకండి. మీ ఊళ్ళో ఏదో ఒక ఇల్లో, కల్వర్టో లేస్తూనే ఉంటుంది. ఒక ఉదయం అక్కడికి పిల్లను తీసుకువెళ్ళి రెండు గంటలు నిలబడండి. పునాది గుంటలోకి తొంగి చూసి, "ఇంకా ఎంత లోతు తియ్యాలి? ఎందుకు?" అని ఆ పిల్ల మేస్త్రీని తనంతట తాను అడిగిందనుకోండి - ఇక సంబంధాలవారికి ఏం చెప్పాలా అని దిగులుపడకండి. మా అమ్మాయి ఇంజనీరు అని చెప్పండి. చాలు.